ఎటకారం లేని మాట

"మీ మనవడు నన్ను ఎటకారం ఆడుతున్నాడండి, పెద్దిరాజుగారూ," అంది భవానీదేవి.

నాలుగేళ్ళ పిల్లాడి మీద ఇలాంటి ఫిర్యాదు ఇంకే జిల్లాలో చెప్పినా నవ్విపోతారు. మా కోనసీమలో నవ్వరు. ఎటకారం ఇక్కడ పాలపళ్ళతో పాటే వస్తుందని అందరి నమ్మకం. కాబట్టి కొత్తపేటలో చిన్నపిల్లల బడి నడుపుతున్న భవానీదేవి ఆ మాట గంభీరంగానే అంది. ఎదురుగా కూర్చున్న కొబ్బరికాయల వ్యాపారి పెద్దిరాజు కూడా గంభీరంగానే విన్నాడు. అలా వినడానికి ఆయన ఎంత కష్టపడుతున్నాడో పక్కనే నిలబడ్డ కోడలు రమణికి మాత్రం తెలుసు. కండువాతో అప్పుడే రెండుసార్లు మూతి తుడుచుకున్నాడు.

ఎటకారం ఆడిన మనిషి కింద నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని నీళ్ళసీసా మూతని గిర్రున తిప్పుతున్నాడు. పేరు సూర్యతేజ. మూత ఆగిపోగానే మళ్ళీ తిప్పుతున్నాడు. గదిలో ఎవరున్నారో, ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో వాడికి పట్టలేదు.

"కూర్చో నాన్నా అంటే, కూర్చో నాన్నా అంటాడండి. పేరేంటమ్మా అంటే, పేరేంటమ్మా అంటాడు. అదీ అచ్చం నా గొంతుతో. వెనకాల పిల్లలందరూ కిసకిసా నవ్వుతారు. పోనీ నా మటుకు నేను సరిపెట్టుకుందును. మొన్న బడి చూడ్డానికి పై అధికారి వస్తే ఎదురెళ్ళి ఏవన్నాడో తెలుసాండీ? ‘ఎవరండీ తవరు, ఎక్కణ్ణించి దయచేసేరు’ అన్నాడు."

కండువా మళ్ళీ మూతి మీదికి వెళ్ళింది. ఆ మాట పెద్దిరాజుదే. కాయలు దింపే మనుషులు ఆలస్యంగా వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని మరీ అంటాడు. ఆ ‘తవరు’ దగ్గర తీసే దీర్ఘంతో సహా పిల్లాడు పట్టేశాడన్నమాట. పెద్దిరాజు లోపల్లోపల పొంగిపోయాడు.

"ఆ మాట ఎవరిదో నాకు తెలీదనుకోకండి," అంది భవానీదేవి. "మా బడి వార్షికోత్సవంలో నా ఉపన్యాసం గురించి మీరన్నది కూడా నేను మర్చిపోలేదు."

ఎవరూ మర్చిపోలేదు. ‘అమ్మగారు మొదలెట్టినప్పుడు మా తోటలో పిందెలండి, ఇప్పుడు కాయలై దింపుకొచ్చేసేయి’ అని ఆయన వెనక వరసలోంచి అన్న మాట ఆ సాయంత్రానికే కొత్తపేట సెంటర్లో టీ కొట్టుదాకా వెళ్ళింది.

"ఈ వారం ఇంట్లో ఉంచండి. పై సోమవారం తీసుకురండి. అప్పటికీ ఇదే తంతయితే నేను ఉంచుకోలేనండి. గదినిండా పిల్లలు, నాకున్నది ఒక్క ఆయమ్మ. ఏవీ అనుకోకండి."

బయటికొచ్చాక పెద్దిరాజు మనవణ్ణి ఎత్తి బండి ముందు కూర్చోబెట్టాడు. "భలేవాడివిరా బాబూ. అధికారినే నిలబెట్టి అడిగేసేవా." రమణి బండి ఎక్కలేదు.

"మావయ్యగారూ, పిల్లల డాక్టరుగారు పెద్ద డాక్టరమ్మకి చూపించమని రాసిచ్చేరు కదండీ. రేపు అమలాపురం తీసుకెళ్దామండీ."

"ఎందుకమ్మా, ఎటకారానికి టీకా వేస్తారా?"

మామూలుగా అయితే రమణి చీరకొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. "వాడు నన్ను ఇంతవరకూ అమ్మా అని పిలవలేదండి," అంది.

"రోజూ పిలుస్తాడు కదమ్మా. నేను వింటూనే ఉన్నానుగా."

"‘అమ్మా రమణీ, కాఫీ కలిపే ఉద్దేశం ఉందా లేదా’ అంటాడండి. అది మీరు పిలిచే పిలుపండి. వాడు పిలిచింది కాదు. కాఫీ కోసం కూడా కాదు, వాడికి పాలు కావాలి. ఆకలేసినప్పుడు అలా అంటాడు. ఇంట్లో అందరూ నవ్వుతారు. నేను పాలు కలుపుతాను."

పెద్దిరాజు ఏదో అనబోయాడు. నాలుక చివరికొచ్చిన మాట కోడలి మొహం చూసి ఆగిపోయింది. కొడుకు నాగేంద్రబాబు నగరంలో గ్యాసు కంపెనీ డ్యూటీకి వెళ్తే వారానికి గానీ రాడు. కాబట్టి మర్నాటి ప్రయాణం ఆయనకే పడింది.

అమలాపురంలో డాక్టరమ్మ తేజని చాలాసేపు చూసింది, రమణిని చాలా అడిగింది. ఆటిజం అంది. చిన్న వయసులోనే తీసుకొచ్చేరు, చాలా చెయ్యొచ్చు అంది. పక్కగదిలో సుప్రియగారిని కలవమంది. మొదటి మాట తప్ప తక్కినవేవీ పెద్దిరాజు చెవిన పడలేదు. ఆయనకి భయమేసింది. భయమేసినప్పుడు ఆయన ఇంకాస్త ఎక్కువ మాట్లాడతాడు.

సుప్రియ చాపమీద కూర్చునుంది. మాటలు ఆలస్యమైన పిల్లలకి ఆటల్లో మాట నేర్పడం ఆవిడ పని. గదిలో కుర్చీలున్నా ఎవర్నీ కూర్చోమనలేదు. "కిందకి రండి బాబాయిగారూ, బాబు ఎత్తుకి," అంది. పెద్దిరాజు గోడ పట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని, దేవుణ్ణి తల్చుకుని చతికిలబడ్డాడు.

"మీరు ప్రకాశరావు మాస్టారి అమ్మాయి కదూ?"

"ఆయ్. నాన్నగారు తెలుసాండీ?"

"తెలియకపోవడమేంటమ్మా. నా చెవి మెలిపెట్టి లెక్కలు నేర్పేరు. లెక్కలు రాలేదు గానీ చెవి బాగా ఎదిగింది."

"అయితే ఈవేళ ఆ చెవికే పనండి," అంది సుప్రియ. "నోటికి కాసేపు సెలవివ్వండి."

దెబ్బకి దెబ్బ. పెద్దిరాజుకి ఆవిడ నచ్చింది. మన మనిషే అనుకుని కాస్త సర్దుకుని కూర్చున్నాడు.

సుప్రియ తేజని పేరడగలేదు. ఇటు చూడమనలేదు. సబ్బు బుడగలు ఊదే సీసా తీసి, తనకోసమే అన్నట్టు ఊదింది. బుడగలు ఫ్యాను గాలికి గదంతా తిరిగాయి. తేజ చేతిలో మూత జారిపోయింది. వాడు లేచి, ఒక బుడగ వెనకాల మునికాళ్ళమీద నడిచాడు. బుడగలన్నీ పోయాక సుప్రియ సీసాకి మూతపెట్టి ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. రమణి ‘అడుగు నాన్నా’ అనబోతే, కళ్ళతోనే వద్దంది.

తేజ వచ్చి సీసా దగ్గర నిలబడ్డాడు. ఆవిణ్ణి చూడకుండా, సీసాని చూస్తూ అన్నాడు. "దయచేయండి దొరగారూ."

గొంతు, విరుపు, అంతా పెద్దిరాజే. ఆయన ఆపుకోలేక ఫక్కున నవ్వాడు. సుప్రియ నవ్వలేదు. మూత తీసి, "ఊదు," అంది. ఊదింది. మళ్ళీ మూతపెట్టి ఆగింది. "దయచేయండి దొరగారూ," అన్నాడు తేజ. మళ్ళీ "ఊదు." మళ్ళీ బుడగలు. పెద్దిరాజు నవ్వు కొంచెం కొంచెంగా తగ్గిపోయింది.

"ఈ మాట ఇంట్లో మీరెప్పుడంటారండీ?"

"బండిమీద తిప్పడానికి తీసుకెళ్ళేటప్పుడమ్మా. వాడికి బండంటే ప్రాణం."

"అంటే, బాబుకి ఇష్టమైంది మొదలయ్యే ముందు."

"ఆయ్."

"వాడిప్పుడు అదే అడిగాడండి. మొదలెట్టమని. మిమ్మల్ని అనుకరించలేదు, నన్ను వెక్కిరించలేదు. మనం బుడగలు కావాలి అంటాం చూడండి, వాడికి అది ‘దయచేయండి దొరగారూ’. కొందరు పిల్లలు మాటని ముక్కలుగా పట్టుకోరండి. వాక్యం మొత్తం, రాగంతో సహా ఒకే ముద్దగా పట్టుకుంటారు. అందులోంచి తమకి కావల్సింది విడదీసుకోవడం ఇంకా రాదు. అది నేర్పొచ్చు. మాటతో పని జరుగుతుందని వాడికి తెలుసు, అది చాలా మంచి సంగతి."

"మా వాడికి మాట్లాడ్డం రాదంటే మా వీధిలో ఎవరూ నమ్మరమ్మా."

"అందుకే ఇంతకాలం ఎవరికీ తెలీలేదండి," అంది సుప్రియ. "వేరే ఊళ్ళో అయితే ఎప్పుడో అనుమానపడేవారు. మనవైపు నవ్వుకున్నారు."

పెద్దిరాజు చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. "నావల్ల వచ్చిందా అమ్మా ఇది?"

"కాదండి. మీవల్లా కాదు, రమణిగారి వల్లా కాదు. పుట్టుకతో వచ్చిన తీరు అది. ఇంట్లో అందరికన్నా మీ మాటకి రాగం ఎక్కువ, అందుకని మీదే పట్టుకున్నాడు. ఇబ్బంది ఒక్కటేనండి. మీరు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి దుప్పటి తెమ్మంటారనుకోండి. అది ఎండ గురించని మనకి తెలుస్తుంది. వాడు దుప్పటికే వెళ్తాడు."

"అయితే ఎటకారం మానెయ్యాలంటారు."

"వీధిలో మీ ఇష్టమండి. వాడు వినేచోట మాత్రం ఉన్నది ఉన్నట్టు, పొట్టిగా. వాణ్ణి అడగడం తగ్గించి, చెప్పండి. పాలవైపు చూస్తే ‘పాలు’ అనండి. చెప్పి ఆగండి. మీరు ఆగగలరా అన్నదే నా అనుమానం."

"అమ్మా, మనవైపు ఉన్నది ఉన్నట్టు మాట్లాడితే కోపమొచ్చిందనుకుంటారు."

"అనుకోనివ్వండి. రోజంతా ఇక్కడిలా మాట్లాడి ఇంటికెళ్ళి మా ఆయనతో ‘చెప్పులు. విప్పండి’ అన్నానోసారి. ఆయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు."

ఇంటికొచ్చిన పూటే పని మొదలుపెట్టాడు పెద్దిరాజు. పట్టుదల మనిషి. మధ్యాహ్నం భోజనాల దగ్గర తేజ పక్కనే ఉన్నాడు కాబట్టి, భార్య భూలక్ష్మి వడ్డించిన పులుసు కలుపుకుని తిని, "పులుసు బాగుంది," అన్నాడు.

భూలక్ష్మి గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఏం, ఉప్పెక్కువైందా?"

"లేదు. బాగుంది."

"పొద్దున్న మీ చొక్కాకి ఇస్త్రీ చెయ్యలేదనేగా ఇదంతా. కరెంటు లేదు, నేనేం చెయ్యనూ?" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. రమణి తలొంచుకుని అన్నం మెతుకులు ఏరుకుంది. ఆ భుజాలు కదలడం చూసి, పోన్లే కోడలు నవ్వింది అనుకున్నాడాయన.

కాయల పాకలో ఇంకా కష్టమైంది. పాకలో నేలలో నిలువుగా పాతిన గునపం మొనమీద కాయని గుచ్చి, మెలితిప్పి, డొక్క ఊడదీసి పక్కకి విసిరేస్తూ ఉంటాడు ఏలీయా. రెండు మెలికలు, ఒక విదిలింపు, కాయ ఒకవైపు డొక్క ఒకవైపు. ఏలీయా ఒలుపు చూస్తూ ‘ఏవయ్యా, కాయని లాలిపాడి నిద్రపుచ్చుతున్నావా’ అనడం పెద్దిరాజుకి రోజూ అలవాటు. ‘తవరు జోకొట్టండి, నేను పాడతాను’ అనడం ఏలీయాకి అలవాటు. ఆ రోజు తేజ డొక్కల గుట్ట పక్కన పీచు ఊడదీసుకుంటూ కూర్చున్నాడు. పెద్దిరాజు గొంతు సవరించుకుని, "బాగా ఒలుస్తున్నావు, ఏలీయా," అన్నాడు.

గునపం మీద కాయ సగంలో ఆగిపోయింది. ఏలీయా చెమట తుడుచుకుని దగ్గరికొచ్చాడు. "నావల్ల ఏవైనా తప్పు జరిగిందాండీ?"

"లేదయ్యా."

"రేపట్నించి రావద్దంటే సూటిగా చెప్పేయండి, పెద్దిరాజుగారూ. ఇలా మాటాడితే మాత్రం నాకు బెంగగా ఉందండి."

సాయంత్రానికి ఆయనకి ఒంట్లో బాగోలేదని వీధంతా తెలిసిపోయింది. ఎవరో వచ్చి బీపీ చూపించుకోమన్నారు. పెద్దిరాజుకి తిక్కరేగింది. నోట్లో ఊరిన మాటలన్నీ మింగేస్తుంటే అన్నం తిన్నా తిన్నట్టు లేదు. ఇన్ని చేసినా పిల్లాడు మాత్రం ‘కాఫీ కలిపే ఉద్దేశం ఉందా లేదా’ అంటూనే ఉన్నాడు. రమణి ఓర్పుగా గ్లాసు చూపించి "పాలు" అంటోంది, ఆగుతోంది, ఇస్తోంది. ఆ అమ్మాయికి విసుగన్నది లేదు. ఆయనకుంది. శుక్రవారానికి ఆయన మళ్ళీ మామూలు మనిషైపోయాడు. చదువుకున్నవాళ్ళు ఏదో చెప్తారు, ఒకరు చెప్పినంతలో వంశంలో ఉన్న మాటతీరు మారిపోతుందా అనుకున్నాడు. పాకలో పాతరోజులు వచ్చేశాయని ఏలీయా ఊపిరి పీల్చుకున్నాడు.

శనివారం లారీ వచ్చింది. గోతాలకి కాయలు ఎత్తుతున్నారు. పెద్దిరాజు కుర్చీలో కూర్చుని, ఎగుమతి వ్యాపారి నాగదుర్గాప్రసాద్‌తో ఫోన్లో మాట్లాడుతున్నాడు. తేజ డొక్కల గుట్ట దగ్గర ఉన్నాడు. ఉన్నట్టుండి లేచి, గుట్ట చుట్టూ గిరగిరా తిరగడం మొదలుపెట్టాడు. తిరుగుతూ, తాతగారి గొంతుతో అన్నాడు. "ఏవైందిప్పుడు, కొంపేవైనా మునిగిందా?"

గోతాలు ఎత్తేవాళ్ళు నవ్వారు. "అచ్చు పెద్దిరాజుగారే," అన్నాడొకడు.

"ఏవైందిప్పుడు, కొంపేవైనా మునిగిందా? ఏవైందిప్పుడు, కొంపేవైనా మునిగిందా?"

"వింటున్నారా ప్రసాదుగారూ," అన్నాడు పెద్దిరాజు ఫోన్లో. "లారీ ఆలస్యమైందని మా చిన్నదొరగారు అడుగుతున్నారు, వినండి." ఫోను మనవడివైపు చాచిపట్టుకున్నాడు. అవతల ప్రసాదు నవ్వు, ఇవతల కూలీల నవ్వు. ఏలీయా కూడా గునపం వదిలేసి నవ్వుతున్నాడు. తేజ కళ్ళల్లో నీళ్ళు లేవు, మొహంలో ఏమీ లేదు. తిరుగుతున్నాడు, అంటున్నాడు. అంటూ ఒక చేత్తో తొడమీద కొట్టుకుంటున్నాడు.

ఆ చెయ్యి పెద్దిరాజు కంటపడింది. ఫోను కుర్చీలో పడేసి పరిగెత్తాడు. పిల్లాణ్ణి పట్టుకుని నిక్కరు పైకి తీశాడు. ఎర్రచీమలు. తొడల నిండా, నడుము దాకా. పచ్చి డొక్కల కింద పుట్ట ఉన్నట్టుంది. పిల్లాణ్ణి ఎత్తుకుని కుళాయి కిందికి పరిగెత్తాడు. బట్టలు లాగేసి, రెండు చేతులతో చీమల్ని తుడిచేస్తూ నీళ్ళు కొట్టాడు. ఏలీయా వెనకాలే వచ్చి మగ్గుతో నీళ్ళు పోశాడు. పాకలో ఎవరూ నవ్వడం లేదు. కుర్చీలో పడున్న ఫోన్లో ప్రసాదు మాత్రం ఇంకా నవ్వుతున్నాడు.

"కొంపేవైనా మునిగిందా," అన్నాడు తేజ, వణుకుతూ.

పెద్దిరాజుకి అంతా ఒక్కసారి తెలిసొచ్చింది. వాడు నడక నేర్చి కిందపడ్డప్పుడు, మోచెయ్యి గీసుకున్నప్పుడు, సూది మందు పొడిచినప్పుడు, ఎప్పుడేడ్చినా తను అన్నది అదే. ఏడుపు మాన్పించాలని, నవ్వించాలని అన్నాడు. వాడి దగ్గర నొప్పికి ఉన్న మాట అదొక్కటే. మంట పుడుతుంటే వాడు ఉన్న ఒక్క మాటతో పిలిచాడు, తను ఫోను పెట్టి ఊరందరికీ వినిపించాడు. ఆయనకి సిగ్గేసింది. తడిబట్టలతోనే కుళాయి గట్టుమీద కూలబడి మనవణ్ణి ఒళ్ళోకి తీసుకున్నాడు. ఏడుస్తున్నాడని ఏలీయాకి తెలిసింది గానీ అటు తిరిగి నిలబడ్డాడు.

రమణి వచ్చి దద్దుర్లకి కొబ్బరినూనె రాస్తుంటే, ఆయన పక్కనే నేలమీద కూర్చున్నాడు. ఒక దద్దురు మీద వేలుపెట్టి, "నొప్పి," అన్నాడు. ఆగాడు. ఆ ఆగడం ఆయనకి ఎప్పుడూ రానిది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కనిపిస్తే అందులో ఇంకో మాట కూర్చే మనిషి. ఇప్పుడు ఆ ఖాళీలో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. తేజ ఆయన నోటివైపు చూశాడు. ఏమీ అనలేదు. ఇంకో దద్దురు. "నొప్పి." మళ్ళీ ఆగాడు.

ఆదివారం అంతా అలాగే గడిచింది. భూలక్ష్మికి, ఏలీయాకి, వచ్చిపోయేవాళ్ళకి రమణి విడమర్చి చెప్పింది. ఇంట్లో అందరూ కొత్త భాష మాట్లాడుతున్నట్టుగా పొడిపొడిగా, సిగ్గుపడుతూ మాట్లాడారు. "నీళ్ళు." "తలుపు." "వాన." భూలక్ష్మి మాత్రం రెండు మాటలకోసారి కొంగుతో నోరు మూసుకుంటోంది. సాయంత్రం పెద్దిరాజు బండి తాళాలు తీసి, మనవడి ఎదురుగా గొంతుక్కూర్చుని, "బండి," అన్నాడు. ఆగాడు.

తేజ తాళాలవైపు చూశాడు. "దయచేయండి," అన్నాడు. అంతే అన్నాడు.

"రమణీ," అని కేకేశాడు పెద్దిరాజు. ఆవిడ గాభరాగా పరిగెత్తుకొచ్చింది. "దొరగారు రాలిపోయేరమ్మా. దయచేయండి అని ఊరుకున్నాడు. వాడు విడదీసేడు." తన మాట ముక్కలైనందుకు ఒక మనిషి అంత సంతోషపడ్డం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. బండిమీద ఆ సాయంత్రం కాలవగట్టున చాలా దూరం తిప్పాడు.

సోమవారం బడికి ముగ్గురూ వెళ్ళారు. "నువ్వు గేటు దగ్గరుండమ్మా," అన్నాడు పెద్దిరాజు కోడలితో. "ఆవిడ కోపం నామీద. నేనే మాటాడాలి." తేజని వరండాలో ఆయమ్మకి అప్పగించి, ఆఫీసుగదిలోకి వెళ్ళి నమస్కారం పెట్టాడు. దారంతా మననం చేసుకున్న మాటలు వరసగా చెప్పాడు.

"మా బాబుకి ఆటిజం అమ్మా. మిమ్మల్ని ఎటకారం ఆడలేదు. వాడికది చేతకాదు. విన్నమాట తిరిగి చెప్తాడు, అందులోనే ఏదో అడుగుతాడు. మేం నేర్పిస్తున్నాం. వాణ్ణి దయచేసి బళ్ళో ఉంచుకోండి."

భవానీదేవి వింది. విని, ఇంకా ఏదో రావాలన్నట్టు ఆయన మొహం చూస్తూ కూర్చుంది. అసలు విరుపు ఇంకా రాలేదు కదా. ఎంతకీ రాకపోయేసరికి కుర్చీలో వెనక్కి వాలింది.

"బాగుందండి. ఈసారి నన్నెలా ఆడిద్దామని వచ్చేరు?"

"నిజవే చెప్తన్నానమ్మా."

"ఇదిగో, ‘నిజవే చెప్తన్నానమ్మా’ అని చేతులు కట్టుకున్నారు చూడండి, ఇది రేపు టీ కొట్టు దగ్గర ఆడతారా? పెద్దిరాజుగారూ, మీరు సూటిగా మాటాడ్డం నేనెప్పుడు విన్నాను గనక."

పెద్దిరాజు తెల్లబోయాడు. మాట అబద్ధం కాదు, కష్టంలోంచి వచ్చింది, ఎదుటి మనిషికి మాత్రం అందడం లేదు. ఇంకెలా చెప్పాలో ఆయనకి తెలీదు. ఉన్న మాట అదొక్కటే. ఇంతోటి మాటకారి, ఒక చిన్న బడి ఆఫీసు గదిలో నోరు ఎండిపోయి నిలబడ్డాడు. వాడికి రోజూ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు. దుఃఖం వచ్చింది.

శనివారం సంగతి చెప్పాడు. డొక్కల గుట్ట, లారీ, కొంపేవైనా మునిగిందా, కూలీల నవ్వు, ఫోను చాచిపట్టుకోవడం. ఎక్కడా సాగదీయలేదు. భవానీదేవికి ‘కొంప’ దగ్గర నవ్వొచ్చి పెదవి బిగించింది. చీమలదాకా వచ్చి పెద్దిరాజు ఆగిపోయాడు.

"తర్వాత?" అంది ఆవిడ.

"తర్వాత ఏంలేదమ్మా. నేను నవ్వుతన్నాను. వాణ్ణి చీమలు కుడతన్నాయి. అంతే."

భవానీదేవి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. వరండాలోంచి పిల్లల గోల వినిపిస్తోంది.

"నాకు తెలీలేదండి," అంది చివరికి. "వాణ్ణి నేను గోడవైపు తిప్పి నిలబెట్టేను కూడా." మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది. "కానీ ఇలాంటి పిల్లల్ని చూసుకోవడం నాకు రాదు, పెద్దిరాజుగారూ. పొరపాటు జరిగితే ఎవరు పూచీ? చూద్దాం లెండి. కబురు చేస్తాను."

మావైపు మొహంమీద కాదు పొమ్మని ఎవరూ అనరు. చూద్దాం లెండి అంటారు. దాని అర్థం పుట్టిన ప్రతివాడికీ తెలుసు. పెద్దిరాజు నమస్కారం పెట్టి లేచాడు. ఆవిడ కూడా మర్యాదకి వెనకాలే వరండాలోకి వచ్చింది.

వరండాలో పిల్లలు అక్షరాలు దిద్దే ఇసుక తొట్టి ఉంది. తేజ అక్కడ కూర్చుని గుప్పెట్లోంచి ఇసుక సన్నని ధారగా జారవిడుస్తున్నాడు. పక్కనే ఒక పాప కూడా అదే పని చేస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు గానీ, ఇసుక మాత్రం ఒకే కుప్పలో పోస్తున్నారు. పెద్దిరాజు ఆ ఎత్తుకి వంగి, గొంతుక్కూర్చుని చెయ్యి చాచాడు.

"ఇల్లు. వెళ్దాం."

ఆగాడు. తేజ ఆ చేతిని చూశాడు. ఇసుక చేత్తో దాన్ని మెల్లగా పక్కకి తోశాడు.

"వద్దు," అన్నాడు.

పెద్దిరాజు అలాగే ఉండిపోయాడు. ఆ గొంతు తనది కాదు. రమణిది కాదు, భూలక్ష్మిది కాదు. కాస్త బొంగురుగా, మొద్దుగా, ఏ రాగమూ లేకుండా ఉంది. ఆ గొంతు ఆయన ఇంతవరకూ వినలేదు. ఇన్నాళ్ళూ ఇంట్లో తిరుగుతున్న మనవడి గొంతు అదే.

"ఏవన్నాడండీ?" అంది భవానీదేవి.

"వద్దన్నాడమ్మా. ఇంటికి రానన్నాడు."

"మీరు నేర్పేరా?"

"మా ఇంట్లో ఆ మాటే లేదమ్మా. మేవంతా చాల్లెండి, ఎందుకులెండి, పర్లేదండి అనే రకం. వద్దని ఉత్తినే అనేవాళ్ళు ఎవరూ లేరు." పెద్దిరాజు తొట్టి దగ్గరున్న పిల్లలవైపు చూశాడు. "ఇది మీ బడి మాటండి. ఇక్కడే పట్టుకున్నాడు."

అందులో ఎక్కడా విరుపు లేదు. భవానీదేవి వెతకలేదు కూడా. సరిగ్గా అప్పుడే పక్కనున్న పాప, తన కుప్పలో చెయ్యిపెట్టిన ఇంకో పిల్లాడితో "వద్దూ, నాది," అని గట్టిగా అంది. ఆవిడ ఆ పాపవైపు, తేజవైపు చూసింది. చీరకుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, తేజ పక్కన నేలమీద కూర్చుంది. ‘ఏం చేస్తున్నావు నాన్నా’ అన్న మాట నోటిదాకా వచ్చి ఆగడం పెద్దిరాజుకి కనిపించింది.

"ఇసుక," అంది ఆవిడ, కొంచెం సిగ్గుపడుతూ.

తేజ కాస్త జరిగి, ఇసుక ధార ఆవిడ వైపు కూడా పడేట్టు పోశాడు.

"మధ్యాహ్నం దాకా ఉండనివ్వండి," అంది భవానీదేవి తలెత్తకుండానే. "ఆ సుప్రియగారెవరో, ఒకసారి ఇక్కడికి వచ్చి మా ఆయమ్మకి, నాకు చెప్పమనండి. రేపూ తీసుకురండి. రోజూ తీసుకురండి. ఇంక మీరు వెళ్ళండి, పెద్దిరాజుగారూ. మీరిక్కడుంటే పిల్లలందరూ మిమ్మల్నే చూస్తున్నారు."

ఆయన్ని జీవితంలో ఎవరూ అంత సూటిగా వెళ్ళమనలేదు. సంతోషంగా వెళ్ళాడు.

గేటు దగ్గర రమణి టిఫిను సంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. మావగారు ఒక్కరే రావడం చూసి రెండడుగులు ముందుకేసింది.

"ఏవన్నారండీ మావయ్యగారూ?"

"ఉంచుకుంటానన్నారు."

రమణి ఆయన మొహంలోకి తేరిపార చూడలేదు. నిజవేనాండీ అని అడగలేదు. గేటు ఊచలు పట్టుకుని అక్కడే ఏడ్చేసింది.